ఉర్లగడ్డల ఊరికి పోయొచ్చినాం

ఇరవై రోజులుగా ఈ పేజీలో ఏమీ రాయలేదు. టమోటా రేటు ఎంత, నారు ఎప్పుడు పోసేది అని మెసేజీలు పెట్టినోళ్ళందరికీ కలిపి ఇదే జవాబు. నేనూ మా ఇంటామె బెంగాలుకు పోయొచ్చినాం. కలకత్తా చూసేదానికి కాదు. హుగ్లీ జిల్లాలో తారకేశ్వర్ అని ఒక చిన్న సంత ఊరు. ఎందుకు పోయినామో, ఆడ ఏం చూసినామో, మన ఊళ్ళో కట్టాలనుకుంటా ఉన్న కోల్డ్ స్టోరేజీ మీద నా మనసు ఎందుకు మారిందో చెప్తాను. పొడుగు పోస్టు. ఓపికున్నోళ్ళు చదవండి. మా గ్రూపులో డబ్బులు కట్టినోళ్ళు మాత్రం ఓపిక లేకపోయినా చదవాల.

ముందు పాత సంగతి. మూడేండ్ల కింద మా ఇంటామెకు వేలూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. చిత్తూరోళ్ళకు వేలూరు పక్కూరు లెక్క. ఆడికి పోయినోళ్ళకు తెలుసు, ఆసుపత్రి చుట్టూ సందుల్లో యాడ చూసినా బెంగాలీ బోర్డులే. లాడ్జీలు, మందుల షాపులు, చేపల కూర అన్నం పెట్టే మెస్సులు. కాట్పాడి స్టేషన్లో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని దిగే బెంగాలోళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తా ఉన్నా. వాళ్ళు ఏ ఊరోళ్ళు, ఏం పని చేసుకుంటారు అని ఒక్కరోజు కూడా అడిగిన పాపాన పోలేదు.

మా లాడ్జీలో పక్క రూములో ఒక పెద్దాయన దిగినాడు. గుండె జబ్బు. తోడుగా కొడుకు. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లుంటాయి పిల్లోడికి, బెంగుళూరులో పని చేస్తాడు. పొద్దున వరండాలో ఆ పెద్దాయన నా అరిచేతులు చూసి, తన అరిచేతులు చూపించి నవ్వినాడు. కాయలు కాసిన చేతులు. ఆయనది ఉర్లగడ్డ, నాది టమోటా. మండీలో బయటి రాష్ట్రాల వ్యాపారులతో బేరాలాడి నేర్చుకున్న హిందీ నాది. ఆయన హిందీ నాకంటే అన్యాయం. అయినా రాత్రి పదకొండు దాకా మాట్లాడుకునేవాళ్ళం.

ఆపరేషన్‌కు ముందురోజు రక్తం ఇచ్చే మనిషిని తెచ్చుకోమన్నారు. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, వద్దన్నారు. మావోడు ఆ వారం కంపెనీ పని మీద పూణేలో ఉన్నాడు. ఎవరికి ఫోన్ చేయాలా అని మెట్ల మీద కూర్చోనుంటే ఆ పిల్లోడు వచ్చి, "చాచా, నేనిస్తా పదండి" అన్నాడు. అంతే. ఇచ్చి వచ్చి, రూములో వాళ్ళ నాయనకు అన్నం వండి పెట్టినాడు. నేను డబ్బులు ఇవ్వబోతే ఆ పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

అప్పట్నుంచి నెలకొకసారన్నా ఫోన్. ఆయన ప్రతిసారీ "ఎప్పుడొస్తారు" అంటాడు. నేను "ఈ పంట అయిపోనీ" అంటాను. మన రైతులకు ఏ పంటా అయిపోదు గదా.

ఇంక రెండో కారణం. పోయిన ఎండాకాలం మా వైపు టమోటా ఏమయిందో మీకు తెలుసు. కోత కూలి, బాడుగ కూడా రాదని తోటలోనే వదిలేసినాం, కొంతమంది గొర్రెలను తోలినారు. 2023 జూలై ఆఖర్లో ఇదే మదనపల్లె మార్కెట్లో కిలో రెండొందలకు దగ్గరగా పోయింది. ఆ నెల నా తోటలో కాయ లేదు. కాయ ఉన్నప్పుడు రేటు లేదు, రేటు ఉన్నప్పుడు కాయ లేదు. నిలవ పెట్టుకునే తావుంటే ఈ బాధ ఉండదు గదా అని మొదట అనింది నేనే. ఈ పేజీలోనే నాలుగు పోస్టులు రాసినా. ఇరవై రెండు ఇండ్లోళ్ళం చేరి, ఇంటికి యాభై వేలు వేసుకుని, మిగతాది బ్యాంకు లోను పెట్టి కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకున్నాం. కొంతమంది బంగారం కుదవ పెట్టి డబ్బులిచ్చినారు. అది నా మాట మీద.

ఈ సంగతి ఫోన్‌లో చెప్తే పెద్దాయన గట్టిగా నవ్వినాడు. "మా ఊరి చుట్టూ యాడ చూసినా అవే. కట్టే ముందు ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. మా ఇంటామె అయితే అప్పటికే బట్టలు సర్దుకుంటా ఉంది. "నా ఒంట్లో ఆ పిల్లోడి రక్తం ఉండాది. వాళ్ళమ్మను చూడకుండా నేను చచ్చిపోతే బాగుండదు" అనింది.

మార్చి మొదట్లో కాట్పాడిలో హౌరా రైలెక్కినాం. మా సంచిలో చిత్తూరు బెల్లం నాలుగు అచ్చులు, మా తోట మామిడి పండ్లతో ఇంట్లో చేసిన తాండ్ర, ఆవకాయ సీసా. ఒకటిన్నర రోజు ప్రయాణం. హౌరాలో దిగి, అక్కడే తారకేశ్వర్ లోకల్ ఎక్కాల. ఒకటిన్నర గంట పడుతుంది. దారిలో శ్రీరాంపూర్ వస్తుంది. ఇక్కడొక మాట చెప్పాల. 1814లో విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు ప్లాట్‌ఫాం మీద ఒక్క తెలుగక్షరం కనపడదు గానీ, మన భాషకు మొదట్లో అచ్చుపోసిన ఊళ్ళల్లో ఇదొకటి.

శేవడాఫులీ దాటినాక రైలు పొలాల్లోకి తిరుగుతుంది. సింగూర్ స్టేషన్ వచ్చింది. పేరు వినుంటారు. 2006లో కార్ల ఫ్యాక్టరీ కోసమని సుమారు వెయ్యెకరాలు తీసుకున్న ఊరు. గొడవలయ్యి, 2008లో ఫ్యాక్టరీ గుజరాత్‌కు పోయింది. 2016లో సుప్రీంకోర్టు భూములు తిరిగి రైతులకిచ్చేయమనింది. పక్క సీటులో ఆయన కిటికీలోంచి చెయ్యి చూపించి ఏదో చెప్పినాడు, నాకు సగమే అర్థమయింది. పదేండ్లు సిమెంటు కింద ఉన్న నేల మళ్ళీ నేల అయ్యేదానికి ఎన్నేండ్లు పడుతుందో, కోర్టు కాగితంలో అది రాయలేరు గదా అని నాకు నేనే అనుకున్నా.

తారకేశ్వర్‌లో దిగంగానే నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. స్టేషన్ నుంచి గుడి దాకా అవే అంగళ్ళు. కుంకుమ, రుద్రాక్షలు, పిల్లోళ్ళ బొమ్మలు, పేడా. చిన్న చిన్న గంటలు కట్టిన వెదురు కావళ్ళు మాత్రం మన దగ్గర లేవు. శ్రావణంలో జనం శేవడాఫులీ దగ్గర గంగనీళ్ళు కుండల్లో ముంచుకుని, ఆ కావడి భుజాన పెట్టుకుని ముప్పై కిలోమీటర్లకు పైన వట్టికాళ్ళతో నడిచొస్తారంట. అలిపిరి మెట్లెక్కినోళ్ళకు ఇది ఆశ్చర్యం కాదు. లోపల స్వామి తారకనాథుడు, శివుడు. పక్కనే దూద్‌పుకుర్ అని కోనేరు. 1729లో కట్టిన గుడి, మన గోపురాల మాదిరి ఎత్తుండదు, పూరిగుడిసె కప్పును ఇటుకతో కట్టినట్టుంటుంది.

ఈ గుడికి ఒక ఆచారముంది. ఇంట్లో నయం కాని జబ్బుంటే, గుడి ముందర అన్నం నీళ్ళు మానేసి పడుకుంటారు. స్వామి కలలో వచ్చి మందు చెప్పే దాకా లేవరు. పెద్దాయన భార్య కూడా మూడేండ్ల కింద, వాళ్ళాయన వేలూరులో ఉన్నప్పుడు, ఇక్కడ రెండు రోజులు పడుకున్నిందంట. ఆయన లోకువగా చెప్పలేదు, గొప్పగా చెప్పలేదు. "నేను అక్కడ పడుకున్నా, తను ఇక్కడ పడుకుంది" అన్నాడు. మా ఇంటామె ఆ నేలను చేత్తో తాకి కళ్ళకద్దుకుంది.

ఇంకొకటి నాకు కొత్తగా తెలిసింది. మన తిరుమల గుడి 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్నట్టే, ఇక్కడా మహంతుల పెత్తనమే. 1924లో ఆ మహంతు మీద జనం సత్యాగ్రహం చేసినారు. చిత్తరంజన్ దాస్ వెనక నిలబడినాడు. గుడి చుట్టూ భూములు, భూముల చుట్టూ కౌలు రైతులు. ఎక్కడైనా ఒకటే కథ.

పెద్దాయన ఊరు ఆడి నుంచి టోటోలో అరగంట. టోటో అంటే బ్యాటరీ ఆటో. వదినమ్మ గుమ్మంలో నిలబడుండింది. ఆడ వదినను బౌదీ అంటారు. ఆమెకు తెలుగు రాదు, హిందీ రాదు. మా ఇంటామెకు బెంగాలీ రాదు, హిందీ రాదు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఒక అరగంట ఏడ్చినారు, తర్వాత కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరిగినారు. ఆ కత్తిపీట మన దాని మాదిరే ఉంది, పేరే వేరు. సాయంత్రం గిన్నెల్లో ముడి పెట్టినారు. చూస్తే మన బొరుగులు! ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఆవనూనె వేసి కలిపి, ఉర్లగడ్డ బజ్జీ నంజుకోను. పొలంలోకి కూడా అదే కట్టుకుని పోతారు. రాయలసీమోళ్ళకు బొరుగులు పెట్టి ఎవరూ పరాయోళ్ళనిపించుకోలేరు.

తెల్లారి పొలానికి పోయినాం. గంగ ఒండ్రు నేల. గులకరాయి ఒక్కటి కనపడదు. మా చేన్లల్లో బోరు వెయ్యడుగులు దాటినా తడి లేదంటే ఆయన నమ్మలేదు. ఆయనకు నాలుగు బిఘాలు, అంటే ఎకరా మీద కొంచెం. నవంబరులో నాటేది, ఫిబ్రవరి, మార్చిలో తవ్వేది. విత్తనం పంజాబు నుంచి రావాల. జ్యోతి రకం ఎక్కువ, చంద్రముఖి రేటెక్కువ. ఆడోళ్ళు, మొగోళ్ళు వరసగా కూర్చుని మట్టిలోంచి గడ్డలు ఏరతా ఉంటే, చేనంతా పసుపు కుప్పలు. మంచు కురిసే రోజుల్లో తెగులు తగిలిందంటే వారంలో ఆకంతా మాడిపోతుందంట. ఆ భయం మన ఊజీ ఈగ భయం కంటే తక్కువేం కాదు.

కోల్డ్ స్టోరేజీని ఆడ హిమ్‌ఘర్ అంటారు. ఆయన చెప్పింది నిజమే, రోడ్డు వెంబడి ప్రతి నాలుగడుగులకు ఒకటి, నాలుగంతస్తుల ఎత్తు, కిటికీలు లేని గోడ. మార్చి నెలంటే నింపే కాలం. ఒకదాని ముందు ట్రాక్టర్లు, లారీలు, మోటారు బండ్లు కిలోమీటరు పొడుగు నిలబడుండాయి. బస్తా యాభై కిలోలు. రాత్రంతా బండి కిందనే పడుకుని లైను కాపాడుకుంటా ఉన్నారు. లోపలికి పోతే అమోనియా వాసన, చలి. రెండు, నాలుగు డిగ్రీల మధ్యలో పెడతారు. నేను తలకు తుండు చుట్టుకున్నా, అయిదు నిమిషాల్లో పండ్లు కొట్టుకున్నాయి. చెక్క అరల మీద బస్తాలు, పైన బస్తాలు, ఇంకా పైన బస్తాలు. నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. మేము రోడ్డు పక్క పారబోసే చోట, వీళ్ళు ఎనిమిది నెలలు పండబెట్టుకుంటా ఉన్నారే అనిపించింది.

ఆ మాటే అన్నా. పెద్దాయన ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక గూట్లోంచి ఒక నోటుబుక్కు తీసినాడు. బస్తాలు లోపల పెట్టినప్పుడు ఒక కాగితం ఇస్తారు. దాన్ని బాండు అంటారు. బాండు ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్ళది. ఆయన వేలు పెట్టి ఒక్కో ఏడూ చూపించినాడు. ఒక ఏడు నూటా ఎనభై బస్తాలు పెట్టినాడు. విత్తనం, ఎరువుల అంగడోడు ఏప్రిల్‌లోనే వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. బాండ్లు వ్యాపారికి అమ్మేసినాడు. ఆగస్టులో రేటు పెరిగింది. పెరిగిన రేటు కాగితం ఉన్నోడికి పోయింది. ఇంకొక ఏడు పండ్ల బిగువున అమ్మకుండా పెట్టుకున్నాడు. అందరూ అట్లే పెట్టుకున్నారు. నవంబరు ఆఖరికి స్టోరేజీ ఖాళీ చేయాల, కొత్త పంట వస్తుంది గదా. అందరి సరుకూ ఒకేసారి బయటికొచ్చింది. బాడుగ తీసేస్తే చేతికొచ్చింది విత్తనం ఖర్చుకు చాలలేదు. ఊళ్ళో కొంతమంది బస్తాలు విడిపించుకోకుండా ఆడనే వదిలేసినారంట. 2024లో ఇంకొక రకం దెబ్బ. కలకత్తాలో రేటు పెరగకూడదని, ఒడిశా, జార్ఖండ్‌కు పోయే లారీలను సరిహద్దులో ఆపినారు.

"ఆలు ఆగుతుంది. మహాజన్ ఆగడు" అన్నాడు ఆయన. మహాజన్ అంటే మన షావుకారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇన్నాళ్ళూ అనుకునింది, సరుకు ఆగలేదు కాబట్టి మనం చెడిపోతా ఉన్నామని. సరుకు ఆగినా, ఆగే స్థోమత రైతుకు లేకపోతే ఆ గోడౌను వేరేవాడి కోసం కట్టినట్టే. పైగా మనది ఉర్లగడ్డ కూడా కాదు. నిజం చెప్పాలంటే ఈ లెక్క నేను ముందే వేసుండాల. టమోటాను రెండు డిగ్రీల్లో పెడితే మెత్తబడి మచ్చలొస్తాయి, రుచి చచ్చిపోతుంది. పండిన కాయను పది డిగ్రీల దగ్గర పెడితే మహా అంటే వారం, పది రోజులు. పచ్చికాయ అయితే ఇంకో వారం. మనకు రేటు పడిపోయేది వారానికి కాదు, రెండు మూడు నెలలకు. చింతపండుకు కోల్డ్ స్టోరేజీ పనికొస్తుంది. గుంటూరులో మిరపకాయలకు వరసగా అవే. మన టమోటాకు మాత్రం అది కరెంటు బిల్లు కట్టుకునే సమాధి. ఇరవై రెండు ఇండ్లోళ్ళ డబ్బుతో నేను ఎంత పని చేయబోయినానో ఆ చాప మీద పండుకుని తెలుసుకున్నా.

పొద్దున బజారుకు పోయినాం. చేపల అంగడాయన మాది ఆంధ్రా అని తెలిసి థర్మాకోల్ పెట్టె మూత తీసి, "ఇది మీ ఊరిదే" అన్నాడు. కొల్లేరు వైపు నుంచి ఐసులో పోయే చేపను ఆడ ఆంధ్రా చేప అనే అమ్ముతారు. మా ఊరికి కొల్లేరు ఐదొందల కిలోమీటర్లకు పైనే అని చెప్పినా వినలేదు. "చెరువు చేప అంత రుచి ఉండదు, కానీ ఏడాది పొడుగునా వస్తుంది" అన్నాడు. బజారులో టమోటా కూడా ఉండింది, వాళ్ళ నేలలో పండిందే. చేతిలోకి తీసుకుని ఒత్తి చూసినా. అలవాటు పోదు గదా.

మధ్యాన్నం అన్నంలోకి గసగసాలతో ఉర్లగడ్డ కూర, చేపల పులుసు, ఆఖర్లో ఒక గిన్నెలో ఎర్రగా ఏదో తెచ్చి పెట్టింది వదినమ్మ. టమోటా చట్నీ అంట. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది! టమోటాను బెల్లం వేసి ఉడికించి, ఖర్జూరం, మామిడి తాండ్ర ముక్కలు వేసి చేస్తారు. తాండ్ర మాదే, మేము తీసుకుపోయిందే. బెల్లం కూడా మన చిత్తూరుదే. నేను ముప్పై ఏండ్లుగా టమోటా పండిస్తా ఉన్నా, దాన్ని పాయసం మాదిరి తినొచ్చని తెలీదు. మా ఇంటామె రెండోసారి వేయించుకుంది.

వచ్చేటప్పుడు ఈత బెల్లం అచ్చులు, సంచి నిండా బొరుగులు కట్టిచ్చినారు. పెద్దాయన స్టేషన్ దాకా రాలేకపోయినాడు, పది అడుగులేస్తే ఆయాసం వస్తా ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, "మా వాడు మీకు దగ్గర్లోనే ఉన్నాడు, చూస్తా ఉండండి" అన్నాడు. వచ్చే ఏడు పొలం కౌలుకిచ్చేస్తాడంట. పిల్లోడు వెనక్కి రాడని ఆయనకు తెలుసు. నా కొడుకు సంగతి నాకు తెలిసినట్టే.

ఊరికొచ్చిన మూడో రోజు రచ్చబండ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి చూసిందంతా చెప్పినా. నన్ను తిట్టినోళ్ళు తిట్టినారు. "ముందు కట్టమనిందీ నువ్వే, ఇప్పుడు వద్దనేదీ నువ్వే" అన్నారు. నిజమే. ఎవరి యాభై వేలు వాళ్ళకు తిరిగిచ్చేసినాం. కుదవలో ఉన్న నగలకు అయిన వడ్డీ మాత్రం నా నెత్తిన వేసుకున్నా, అది న్యాయం. ఇరవై రెండు మందిలో తొమ్మిది మంది ఒక మాటకు ఒప్పుకున్నారు. ఈ సారి అందరం ఒకే పక్షంలో నారు నాటకుండా, పదిహేను రోజుల తేడాతో వంతులేసుకుని నాటాలని. చిన్న పని. రేటును ఇది మార్చదు. అందరి కాయా ఒకే రోజు మండీకి పోకుండా ఉంటే చాలు.

పోయిన ఆదివారం ఆ పిల్లోడు బెంగుళూరు నుంచి బస్సులో వచ్చినాడు. మా ఇంటామెను "కాకిమా" అని పిలుస్తాడు, అంటే పిన్నమ్మ. మధ్యాన్నం దాకా పండుకుని, లేచి నాతో పాటు చేనికొచ్చినాడు. నాయనకు వీడియో కాల్ చేసి మా టమోటా మొక్కలు చూపించినాడు. పెద్దాయన ఆడి నుంచి చాలాసేపు చూసి, "మట్టి ఎర్రగా ఉందే" అన్నాడు.

నాటే తేదీల వంతుల్లోకి రావాలనుకునే చుట్టుపక్కల ఊర్లోళ్ళు కామెంటులో ఊరి పేరు పెట్టండి. కోల్డ్ స్టోరేజీ మీద నా పాత నాలుగు పోస్టులు తీసేయడం లేదు. వాటి కింద ఈ పోస్టు లింకు పెడతా ఉన్నా. తప్పు కూడా కనపడాల.